పీపాలో మాగిన జిన్: ఎంత పోయాలి, ఎలా రుచి చూడాలి

జిన్ అంటే నీళ్లలా తేటగా ఉంటుందని తెలిసినవాళ్ల చేతికి లేత తేనె రంగు జిన్ సీసా వస్తే ముందు కలిగేది అనుమానమే. రంగు కలిపారా? విస్కీకే జిన్ అని పేరు పెట్టారా? దీన్ని టానిక్‌లో పోసుకోవాలా, విస్కీలా సోడా కొట్టుకోవాలా, ఏమీ కలపకుండా తాగాలా? విదేశాల నుంచి వచ్చే బంధువులు డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చిన సీసా అయితే అడగడానికి దుకాణదారు కూడా దగ్గర ఉండడు. అదృష్టవశాత్తూ ఈ సందేహాల్లో చాలావాటికి ఒక టీ చెంచా, కొద్దిపాటి కూడికలు, భాగహారాలతో జవాబు దొరుకుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పీపాలో మాగిన జిన్‌ను 15 మి.లీ. చొప్పున, కాస్త చల్లగా, కొలిచిన నీళ్లతో రుచి చూడాలి. టానిక్ పోస్తే పీపా కోసం మీరు పెట్టిన అదనపు డబ్బు చాలావరకు వృథా అవుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు జిన్ ఏమిటో, పీపా దానికేం చేస్తుందో చూడాలి.

జిన్‌కు మూలం ఏ వాసనా లేని స్పిరిట్. ధాన్యం నుంచి తీస్తారు, మన దేశంలో చెరకు మొలాసిస్ నుంచి కూడా తీస్తారు. దానికి జిన్ లక్షణం తెచ్చేది జునిపర్ అనే పొదకు కాసే నీలి నలుపు కాయ. నలిపితే దేవదారు జిగురు లాంటి ఘాటు వాసన వస్తుంది. జునిపర్ తర్వాత ఎక్కువ జిన్‌లలో పెద్దపీట మన వంటింటి ధనియాలదే. నిమ్మతొక్క, నారింజతొక్క, అతిమధురం, ఏంజెలికా అనే మొక్క వేరు ఆ తర్వాత వస్తాయి. వీటన్నిటినీ కలిపి ఆ వృత్తిలో బొటానికల్స్ అంటారు. మన మాటలో సుగంధ దినుసులు. లండన్‌లో తయారయ్యే బీఫీటర్ జిన్‌లో ఇవి తొమ్మిది. వాటిని 24 గంటలు స్పిరిట్‌లో నానబెట్టి, ఆ తర్వాత స్వేదనం చేస్తారు. అంటే మరిగించి, లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు.

యూరప్ చట్టం ప్రకారం జిన్‌లో జునిపర్ రుచే ముందుండాలి, ఆల్కహాల్ 37.5 శాతానికి తగ్గకూడదు. అమెరికాలో ఆ గీత 40 శాతం. మన దేశంలో అమ్మే జిన్ సీసాల మీద సాధారణంగా కనిపించే అంకె 42.8. అంటే 100 మి.లీ. జిన్‌లో 42.8 మి.లీ. అసలు ఆల్కహాల్, మిగతాది దాదాపు అంతా నీళ్లే. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, ముందుముందు అన్ని లెక్కలూ దీని మీదే నడుస్తాయి.

ఇక పీపా. జిన్‌కు పీపా కొత్తేమీ కాదు. గాజు సీసాలు చవక కాకముందు జిన్ తయారీదారు దగ్గర నుంచి సారా దుకాణం దాకా చెక్క పీపాల్లోనే ప్రయాణించేది. బ్రిటన్‌లో 1861 నాటి చట్టం దుకాణాల్లో సీసాల లెక్కన అమ్ముకోవడానికి దారి తెరిచింది. అంతకుముందు కాలంలో తాగినవాళ్లకు అంతో ఇంతో చెక్క తగిలిన జిన్ దొరికి ఉంటుందని అనుకోవచ్చు. జిన్‌కు పూర్వరూపమైన హాలండ్ జెనెవర్‌ను అయితే ఇప్పటికీ కావాలనే మాగబెడతారు. మాగిన జెనెవర్ అని చెప్పుకోవాలంటే 700 లీటర్లకు మించని పీపాలో కనీసం ఏడాది ఉండాలి.

ఇప్పుడు మనం చూస్తున్న పీపా జిన్‌ల ఒరవడి మాత్రం ఇటీవలిదే. ఫ్రాన్స్‌లో సిటడెల్ జిన్ తయారీదారు అలెగ్జాండర్ గాబ్రియెల్ 2008లో ‘రిజర్వ్’ పేరుతో ఓక్ పీపాల్లో మాగిన జిన్ తెచ్చాడు. తర్వాత్తర్వాత అకేసియా, మల్బరీ, చెర్రీ, చెస్ట్‌నట్ చెక్కలను కూడా వాడాడు. 2013లో బీఫీటర్ సంస్థ ‘బరోస్ రిజర్వ్’ను విడుదల చేసింది. దాన్ని 268 లీటర్ల చిన్న పాతకాలపు రాగి బట్టీలో తీసి, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు లిలే అనే ద్రాక్ష పానీయం ఊరిన ఓక్ పీపాల్లో కొన్నాళ్లు ఉంచారు. ఏమీ కలపకుండా నెమ్మదిగా చప్పరించే జిన్‌గా దాన్ని పరిచయం చేశారు. మన దేశంలో నావ్ స్పిరిట్స్ వాళ్ల గ్రేటర్ దాన్ జిన్‌కు ‘బ్రోకెన్ బ్యాట్’ అనే రకం ఉంది. అందులో వాడింది కశ్మీర్ విల్లో, అంటే క్రికెట్ బ్యాట్లు చేసే చెక్క. ఓక్ వేరు, విల్లో వేరు. రుచిలో కూడా అంత తేడా ఉంటుంది గనక సీసా మీద ఏ చెక్కో చదవడం మొదటి పని.

చెక్క నుంచి జిన్‌లోకి వచ్చేవి మనకు తెలిసిన వాసనలే. ఓక్ చెక్కను నిప్పు సెగకు కాల్చినప్పుడు వనిలిన్ అనే పదార్థం తయారవుతుంది. వనిలా ఐస్‌క్రీమ్ వాసన అదే. లాక్టోన్లు అనే మరో జాతి పదార్థాల నుంచి కొబ్బరి వాసన వస్తుంది, అమెరికన్ ఓక్‌లో ఇవి ఎక్కువ. యూజెనాల్ నుంచి లవంగం వాసన వస్తుంది. టానిన్ల నుంచి వగరు వస్తుంది, ఫ్రెంచ్ ఓక్‌లో ఇది కాస్త ముందుకొస్తుంది. పీపాలో అంతకుముందు ఏముండేదన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో బోర్బన్ విస్కీని చట్టప్రకారం కొత్తగా కాల్చిన ఓక్ పీపాలోనే పోయాలి. ఒకసారి వాడిన పీపాను మళ్లీ బోర్బన్‌కు వాడే వీల్లేదు. అందుకే ఆ పీపాలు ప్రపంచమంతా తిరుగుతూ స్కాచ్‌కు, రమ్‌కు, ఇప్పుడు జిన్‌కు ఇల్లవుతున్నాయి.

పీపా ఇవ్వడమే కాదు, తీసుకుంటుంది కూడా. చెక్క సందుల్లోంచి గాలి ఆడుతుంటుంది. ఆ గాలికి మొదట చెడేవి నిమ్మతొక్క, నారింజతొక్కల తేలిక వాసనలు. జునిపర్ ఇంకొంత కాలం నిలుస్తుంది, వేర్ల వాసన అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి పీపా జిన్ అంటే మామూలు జిన్‌కు వనిలా కలిపినట్టు ఉండదు. కొంత వచ్చి, కొంత పోయి, మిగిలినది ఉంటుంది.

అయితే ఎక్కువ కాలం మాగితే ఎక్కువ గొప్పదా? విస్కీ అలవాటున్నవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కాదు. స్కాచ్ విస్కీకి చట్టం కనీసం మూడేళ్లు పెట్టింది. విస్కీ రుచిలో పెద్ద వాటా పీపాదే గనక అన్నాళ్లు కావాలి. జిన్ పీపాలోకి వెళ్లేసరికే దాని రుచి దానికి ఉంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు చాలు. మూడేళ్లు ఉంచితే జునిపర్ అణగిపోయి, అచ్చంగా విస్కీ కాని, జిన్ కూడా కాని పానీయం మిగిలే ప్రమాదం ఉంది. అమెరికా నిబంధనలు జిన్ సీసా మీద వయసు వెయ్యడానికి చాలాకాలం అసలు ఒప్పుకోలేదు. అందుకని చాలా సీసాల మీద మీకు నెలల అంకె దొరకదు, దొరకలేదని వెనకాడనక్కర్లేదు.

నెలలకంటే ఎక్కువ చెప్పేది పీపా సైజు. దీనికి చిన్న లెక్క ఉంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు పీపాల్లో ఒకటి రెండోదాంట్లో ఎనిమిదో వంతే పడితే, చిన్నదాంట్లో లీటరు జిన్‌కు తగిలే చెక్క రెట్టింపు ఉంటుంది. బోర్బన్ పీపాలో సుమారు 200 లీటర్లు పడుతుంది. 25 లీటర్ల పీపాలో లీటరుకు రెండింతలు, 5 లీటర్ల బుల్లి పీపాలో దాదాపు మూడున్నర రెట్లు చెక్క తగులుతుంది. కాబట్టి చిన్న కొత్త పీపాలో కొన్ని వారాలకే ముదురు రంగు వచ్చేస్తుంది. పెద్ద పాత పీపాలో ఆరు నెలలున్నా గడ్డిపోచ రంగు దాటకపోవచ్చు. రంగు చూసి ఏది మేలో తేల్చకండి. ఇంట్లో బుల్లి పీపా కొని ప్రయోగం చేసేవాళ్లు మూడు నాలుగు రోజులకోసారి చెంచాడు రుచి చూస్తూ ఉండాలి. ఒకసారి వగరు ఎక్కితే దాన్ని వెనక్కి తీసే దారి లేదు.

ధర ఎందుకెక్కువ అన్నదానికి సగం జవాబు గాల్లో ఉంది. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. చల్లటి స్కాట్లండ్‌లో అది ఏడాదికి సుమారు 2 శాతం. బెంగళూరులో విస్కీ మాగబెట్టే అమృత్ సంస్థ చెప్పే లెక్క 10 నుంచి 12 శాతం. ఆ వేడిలో 200 లీటర్ల పీపా ఆరు నెలలుంటే దాదాపు 10 లీటర్లు పోతాయి. అంటే 750 మి.లీ. సీసాలు పదమూడు. పీపా ఖరీదు, గోదాము అద్దె, ఇరుక్కుపోయిన పెట్టుబడి దీనికి అదనం.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. పాశ్చాత్యుల పుస్తకాలన్నీ ఇలాంటివాటిని గది వేడి మీద రుచి చూడమంటాయి. వాళ్ల గది 18, 20 డిగ్రీలు. మేలో విజయవాడలో, ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు మామూలు సంగతి. 20 డిగ్రీల దగ్గర ఆల్కహాల్‌కు ఎంత ఆవిరి ఒత్తిడి ఉంటుందో, 35 దగ్గర దానికి రెండింతలకు పైగా ఉంటుంది. అంటే అదే జిన్, అదే గ్లాసు, కాని ముక్కుకు తగిలే మంట రెట్టింపు. అక్కడ వనిలా, జునిపర్ వెతకడం కష్టం. మన దగ్గర చాలామంది ‘రా తాగితే గొంతు మండుతుంది’ అనడంలో సగం తప్పు వాతావరణానిదే.

దీనికి విరుగుడు తేలిక. సీసాను ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. గ్లాసులో పోశాక పది నిమిషాలు ఆగితే అది 15 నుంచి 20 డిగ్రీల మధ్యకు వస్తుంది. డీప్ ఫ్రీజర్ మాత్రం వద్దు. మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా ఇంత ఆల్కహాల్ ఉన్న జిన్ గడ్డకట్టదు, కాని చిక్కబడుతుంది, వాసన పూర్తిగా ముడుచుకుపోతుంది. పీపాలో మాగని తెల్ల జిన్‌తో మార్టీనీ అనే కాక్‌టెయిల్ చేసేవాళ్లకు ఆ చల్లదనం పనికొస్తుంది. పీపా వాసన కోసం డబ్బు పెట్టినవాళ్లకు పనికిరాదు.

గ్లాసు ఖరీదైనది కానక్కర్లేదు. అడుగున వెడల్పుగా ఉండి, మూతి దగ్గర ముడుచుకునేది ఏదైనా సరే. చిన్న వైన్ గ్లాసు చాలు. మూతి వెడల్పున్న విస్కీ గ్లాసులో వాసన చెదిరిపోతుంది. స్టీలు గ్లాసులో రంగు కనపడదు. సబ్బు వాసన పూర్తిగా పోయేలా వేడినీళ్లతో కడిగి, గాలికి ఆరనివ్వండి. తుడుపుగుడ్డ వాసన కూడా గ్లాసుకు అంటుకుంటుంది.

15 మి.లీ. ఎలా కొలవాలి? దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత శుభ్రంగా కడిగి వాడండి, లేదా మూడు టీ చెంచాలు. పోసిన తర్వాత గ్లాసును కాస్త వంచి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. విస్కీ తిప్పినంత జోరుగా వద్దు, ఆల్కహాల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. గ్లాసు మూతిని ముక్కు కిందకు తేకుండా గడ్డం దగ్గర పెట్టి, పెదవులు కొద్దిగా తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. మొదట అందేది సాధారణంగా చెక్క సంగతే: వనిలా, కొబ్బరి, కాలిన చక్కెర. అర నిమిషం ఆగి మళ్లీ చూడండి. ఈసారి అడుగు నుంచి దేవదారు ఘాటు, ధనియాల చల్లని వాసన పైకి రావాలి.

వస్తుందో లేదో అనుమానంగా ఉంటే ఇంకో పరీక్ష ఉంది. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది, అర నిమిషం ఆగండి. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, దినుసుల నూనెలు, చెక్క సారం చర్మం మీద మిగులుతాయి. ఇప్పుడు అరచేతులు వాసన చూడండి. జునిపర్ ఇంకా ఉందా? ఉంటే అది పీపాలో మాగిన జిన్. ఒట్టి చెక్క, వనిలా మాత్రమే ఉంటే, అది ఎంత మెత్తగా గొంతు దిగినా జిన్‌గా విఫలమైనట్టే. ఆ రుచి కావాలనుకునేవాళ్లు అంతకంటే తక్కువ ధరకు మంచి విస్కీ కొనుక్కోవచ్చు. ఈ మాట కటువుగా అనిపించవచ్చు, కాని జునిపర్ ముందుండాలన్నదే జిన్‌కు నిర్వచనం.

తర్వాత చిన్న గుక్క, అర చెంచాడు. వెంటనే మింగకుండా నాలుక మీద ఐదారు సెకన్లు ఉంచండి. మొదటి గుక్క నోటిని అలవాటు చెయ్యడానికే, అది మంటగానే ఉంటుంది. రెండో గుక్కను బట్టి అభిప్రాయానికి రండి. తీపి నాలుక కొసన, వగరు చిగుళ్ల దగ్గర తెలుస్తున్నట్టు అనిపిస్తుంది. మింగాక నోటితో గాలి బయటికి వదలండి. మంచి పీపా జిన్‌లో ఆ చివరి ఊపిరిలోనే జునిపర్ తిరిగొస్తుంది.

ఇప్పుడు నీళ్లు. నీళ్లు కలిపితే పలచనవుతుంది తప్ప ఒరిగేదేముంది అనుకుంటారు చాలామంది. 42.8 శాతం దగ్గర ఆల్కహాల్ నాలుకను మండిస్తూ ఉంటుంది, దినుసుల వాసనలను తనలోనే పట్టి ఉంచుతుంది. నీళ్లు చేరేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. లెక్క ఇది. 15 మి.లీ. జిన్‌కు ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ. నీళ్లు పోస్తే బలం 32 శాతానికి దిగుతుంది. రెండు చెంచాలకు సుమారు 26, మూడు చెంచాలకు 21. ఒక్కో చెంచాకూ ఆగి వాసన చూస్తూ వెళ్లండి. నా అనుభవంలో ఎక్కువ పీపా జిన్‌లు ఒక చెంచా, రెండు చెంచాల మధ్య బాగా విచ్చుకుంటాయి. మూడో చెంచాకు చెక్క వగరు పైకి తేలి, మిగతావి పలచబడతాయి.

నీళ్లు పోస్తుంటే కొన్ని జిన్‌లలో పల్చని తెల్లటి మబ్బు కమ్ముతుంది. భయపడకండి, కల్తీ కాదు. దినుసుల నూనెలు ఆల్కహాల్‌లో కరుగుతాయి, నీళ్లలో కరగవు. ఆల్కహాల్ పాలు తగ్గగానే ఆ నూనెలు సన్నటి బిందువులుగా బయటపడి వెలుతురును చెదరగొడతాయి. దినుసులు ధారాళంగా వేసిన జిన్‌లోనే ఇది ఎక్కువ కనిపిస్తుంది. నీళ్లు మాత్రం వాసన లేనివి కావాలి. బోరు నీళ్ల ఉప్పదనం రుచిని పాడుచేస్తుంది.

ఐసు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, కాని ఐసు కూడా నీళ్లేనని లెక్కలో పెట్టుకోవాలి. 30 డిగ్రీల దగ్గర ఉన్న 60 మి.లీ. జిన్‌ను 5 డిగ్రీలకు దించడానికి సుమారు 15 గ్రాముల ఐసు కరగాలి. అంటే మూడు చెంచాల నీళ్లు మీకు తెలియకుండానే చేరిపోయాయి, బలం 34కు వచ్చింది. అక్కడితో ఆగదు. ఎండాకాలం గదిలో గ్లాసు వేడెక్కుతూ, ఐసు కరుగుతూనే ఉంటుంది. ఒకే పెద్ద ముక్క చిన్న ముక్కలకంటే నెమ్మదిగా కరుగుతుంది గనక అదే మేలు. ఫ్రీజర్‌లో చేపల పొట్లం పక్కన గడ్డకట్టిన ఐసు ఆ వాసన పీల్చుకుని ఉంటుంది. దాన్ని ఈ జిన్‌లో వెయ్యకండి.

టానిక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జిన్ అనగానే చెయ్యి దానివైపే పోతుంది. టానిక్‌లో చేదు క్వినైన్‌ది. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే మలేరియా మందు అది. లండన్‌లో 1858లో ఎరాస్మస్ బాండ్ టానిక్ నీళ్లకు పేటెంట్ తీసుకున్నాడు. వలస పాలన కాలంలో మన దేశంలోని ఆంగ్లేయులకు అది జిన్‌తో జతపడింది. ఇప్పటి టానిక్‌లో క్వినైన్ చాలా తక్కువ. అమెరికాలో లీటరుకు 83 మిల్లీగ్రాములు మించకూడదు. మందుకు చాలదు గాని నాలుకకు చేదు తెలియడానికి చాలు.

తెల్ల జిన్‌లో నిమ్మతొక్క వాసనకు ఆ చేదు అందంగా అమరుతుంది. పీపా జిన్‌లో ఆ నిమ్మవాసన తగ్గి, టానిన్ల వగరు చేరి ఉంటుంది. వగరు మీద చేదు పడితే రెండూ పెరుగుతాయి. దానికి తోడు చక్కెర: మామూలు టానిక్‌లో 100 మి.లీ.కు సుమారు 8 గ్రాములు, అంటే 200 మి.లీ.లో 16 గ్రాములు, నాలుగు చెంచాలు. 60 మి.లీ. జిన్‌లో 200 మి.లీ. టానిక్ పోస్తే మొత్తం బలం 10 శాతానికి దిగుతుంది. వనిలా, లవంగం వాసనలు అంత పలచనలో, అంత తీపి చేదుల మధ్య వెతికినా దొరకవు. పొడవు గ్లాసులోనే తాగాలనుకుంటే ఒట్టి సోడా, కాస్త నారింజతొక్క వేసుకోండి. లేదా అల్లపు ఘాటున్న జింజర్ ఏల్‌ను జిన్‌కు రెండింతలు మించకుండా పోసుకోండి. నిమ్మకాయ పిండకండి, పులుపు వగరును ఎత్తి చూపిస్తుంది.

కాక్‌టెయిల్‌లో పీపా జిన్ నిజంగా రాణించే చోటు నెగ్రోనీ. జిన్, కంపారి అనే చేదు ఎర్ర పానీయం, తియ్యటి వెర్మూత్, మూడూ 30 మి.లీ. చొప్పున. ఇక్కడ చేదు ఉన్నా పని జరుగుతుంది. వెర్మూత్ ద్రాక్ష నుంచి వచ్చేది, దానికీ ఓక్ చెక్కకూ పాత స్నేహం. కాని లెక్క చూసుకోండి. కంపారి 25 శాతం, వెర్మూత్ 16 శాతం అనుకుంటే ఆ చిన్న గ్లాసులో దాదాపు 25 మి.లీ. అసలు ఆల్కహాల్ ఉంటుంది. అంటే రెండు చిన్న పెగ్గుల పెట్టు. చూడ్డానికి ఒక పెగ్గులా ఉండటం వల్ల చాలామంది ఇక్కడ లెక్క తప్పుతారు.

మంచింగ్ విషయానికొస్తే, అపోలో ఫిష్, చికెన్ 65, మిర్చి బజ్జీలను రుచి చూడటం పూర్తయ్యేదాకా పక్కన ఉంచమని నా సలహా. మిరపలోని కాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే నాడులను రేపుతుంది. ఆల్కహాల్ కూడా అవే నాడులను కదిలిస్తుంది. రెండూ కలిస్తే ఒకదాని మంట ఇంకోదాన్ని పెంచుతుంది, వాసన సంగతి మరిచిపోవచ్చు. తక్కువ ఉప్పుతో వేయించిన పలాస జీడిపప్పు దీనికి చక్కగా నప్పుతుంది. జీడిపప్పులోని వెన్నలాంటి కమ్మదనం చెక్క వగరును మెత్తబరుస్తుంది. చేదు చాక్లెట్ ముక్క, ఖర్జూరం కూడా బాగుంటాయి.

సీసా తెరిచాక ఎన్నాళ్లుంటుంది? ఆల్కహాల్ ఇంత ఉన్నది చెడిపోదు, కాని వాసన తగ్గుతూ పోతుంది. సీసా నిండుగా ఉన్నంతకాలం లోపలి గాలి తక్కువ, మార్పు నెమ్మది. మూడో వంతుకు వచ్చాక మాత్రం రెండు మూడు నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి మార్చండి. నిలబెట్టి, వెలుతురు తగలని అలమరలో ఉంచాలి. పడుకోబెడితే బిరడాను ఆల్కహాల్ కొరికేస్తుంది. సీసాలోకి వచ్చాక జిన్ ఇక మాగదు గనక పదేళ్లు దాచినా విలువేమీ పెరగదు.

నలుగురు మిత్రులను పిలిచి మూడు రకాలు రుచి చూపించాలనుకుందాం. మనిషికి ఒక్కో రకం 15 మి.లీ. అంటే మొత్తం 180 మి.లీ., సరిగ్గా ఒక క్వార్టర్. ఒక్కో సీసా నుంచి పోయేది 60 మి.లీ. మాత్రమే. తెల్ల జిన్‌తో మొదలుపెట్టి, లేత రంగుది, తర్వాత ముదురుది పోయండి. తిరగేస్తే చెక్క వాసన నాలుక మీద కూర్చుని తెల్ల జిన్ చప్పగా తోస్తుంది. మధ్యమధ్య మంచినీళ్లు, చప్పటి బ్రెడ్డు ముక్క చాలు. అగరుబత్తి, సెంటు, సిగరెట్ ఆ గదిలో వద్దు.

చివరిగా, ఇదంతా ఆల్కహాలే అన్నది మరిచిపోవద్దు. 42.8 శాతం జిన్ 30 మి.లీ. పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, నీళ్లు ఎంత కలిపినా ఆ గ్రాములు తగ్గవు. దాన్ని వదిలించుకోవడానికి కాలేయానికి గంటకు పైనే పడుతుంది. ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. తాగని అతిథికి రుచి చూడమని బలవంతం చెయ్యకండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం పోయకూడదు.

బండి లెక్క కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. శరీర బరువును, అందులో నీటి పాలును బట్టి వేసే లెక్కలో, 70 కిలోల మగవాడు 30 మి.లీ. తాగితే ఆ అంకె 21 దాకా, 60 మి.లీ. తాగితే 42 దాకా వెళ్తుంది. 55 కిలోల స్త్రీకి ఒక్క చిన్న పెగ్గుతోనే 33. మీరు రుచి చూపించే ఆ మూడు 15 మి.లీ.లు వెంటవెంటనే పడితే 70 కిలోల మనిషి కూడా 32 దగ్గరుంటాడు. అందుకని గ్లాసులు సర్దేటప్పుడే మిత్రుల తిరుగు ప్రయాణానికి క్యాబు మాట్లాడి ఉంచండి.